డెంటల్ అసిస్టింగా, క్రిమినల్ జస్టిసా? కమ్యూనిటీ కాలేజీలో చేరే ముందు వెనక నుంచి లెక్క వేసుకోండి

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ళ కోర్సులుండే ప్రభుత్వ కాలేజీ) గురించి ఆరా తీసే తెలుగువాళ్ళు ముఖ్యంగా మూడు రకాలు. డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఇంట్లో కూర్చోలేక ఏదైనా నేర్చుకుందామనుకునేవాళ్ళు. మన దగ్గర బీడీఎస్ చేసి, ఇక్కడ డెంటిస్టు కావాలంటే మళ్ళీ చదవాలని తెలిసి, ఈలోగా ఏం చేయాలా అని చూసేవాళ్ళు. ఇక మూడోది, హైస్కూలు పిల్లల తల్లిదండ్రులు. మొదటి ఇద్దరి చూపూ డెంటల్ అసిస్టింగ్, అంటే డెంటిస్టు పక్కన ఉండి సాయం చేసే పని మీద పడుతుంది. మూడో ఇంట్లో పిల్లో పిల్లాడో ‘క్రిమినల్ జస్టిస్’ అంటే నాన్న కాఫీ కప్పు కింద పెట్టి ‘పోలీసా?’ అంటాడు.

ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రూలు కాబట్టి, ఇక్కడ చెప్పేదంతా కాలిఫోర్నియా లెక్క. మిగతా రాష్ట్రాల్లో అంకెలు, పేర్లు మారతాయి, చూసుకోవాల్సిన వరస మాత్రం అదే. కాలేజీ కేటలాగ్‌ని మొదటి పేజీ నుంచి చదవకండి. చివర నుంచి వెనక్కి రండి. నాకు కావలసిన ఉద్యోగం ఏది? దానికి ఏ లైసెన్సు అడుగుతారు? ఆ లైసెన్సుకు ఏ కోర్సు పనికొస్తుంది? నా వీసా మీద ఆ పని చేయనిస్తారా? ఫీజు, టైమింగ్ వీటన్నిటి తర్వాత. చాలామంది దీన్ని తిరగేసి, ఫీజు తక్కువ అని చేరి, కోర్సు అయ్యాక లైసెన్సు సంగతి అడుగుతారు.

మొదటి పని: మీ వీసా కాగితం ముందు పెట్టుకోండి

హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల భార్య, భర్త, పిల్లలకు ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్ళు చదువుకోవడానికి ఎఫ్1 విద్యార్థి వీసాకి మారక్కర్లేదు. ఫుల్‌టైమ్ గానీ పార్ట్‌టైమ్ గానీ ఉన్న వీసా మీదే చదువుకోవచ్చు. ఉద్యోగం సంగతి వేరు. భర్తకో భార్యకో హెచ్1బీ మీద ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) ఆమోదం వచ్చి ఉంటేనో, ఆరేళ్ళు దాటి పొడిగింపు మీద ఉంటేనో హెచ్4 వాళ్ళకి ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు ఇస్తారు. ఈ వెసులుబాటు 2015 మే 26 నుంచి ఉంది. ఎల్2 (కంపెనీ బదిలీ మీద వచ్చే ఎల్1 ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద వచ్చిన భార్యాభర్తలకు ఇంత తిప్పలు లేదు, 2021 నవంబరు నుంచి వాళ్ళ స్టేటస్సే పని చేసుకోవడానికి అనుమతి. ఎఫ్2 (ఎఫ్1 విద్యార్థుల కుటుంబానికి ఇచ్చేది) అయితే పార్ట్‌టైమ్ చదువు మాత్రమే. డిగ్రీ కోసం ఫుల్‌టైమ్ చేరాలంటే ఎఫ్1కి మారాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. డెంటల్ అసిస్టింగ్ కోర్సులో కొన్ని వారాలు బయటి క్లినిక్‌లో పని చేయాలి. జీతం ఉండదు, కోర్సులో భాగమే. అయినా ఈఏడీ లేనివాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మీ స్టేటస్ మీద అది చేయవచ్చా అని కాలేజీలో అడిగి, ఇమ్మిగ్రేషన్ లాయరుకు కూడా ఒక మాట చెప్పి, వచ్చిన జవాబు మెయిల్లో ఉంచుకోండి. ‘మా ఫ్రెండ్ చేసింది, ఏం కాలేదు’ అన్న మాట ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో చెల్లదు.

పిల్లల విషయంలో ఒక తేదీ గుర్తుపెట్టుకోవాలి. హెచ్4 మీద ఉన్న పిల్లలకు 21 ఏళ్ళు నిండితే ఆ స్టేటస్ పోతుంది. రెండేళ్ళ కోర్సు, ఆపైన రెండేళ్ళ ట్రాన్స్‌ఫర్ అని ప్లాన్ చేసేటప్పుడు ఆ పుట్టినరోజు ఏ సెమిస్టర్‌లో పడుతుందో ముందే చూసుకోండి.

డెంటల్ అసిస్టింగ్: మూడు మెట్లు, మీరు ఎక్కాల్సింది రెండోది

కాలిఫోర్నియాలో ఈ ఉద్యోగానికి మూడు స్థాయిలున్నాయి. అడుగున లైసెన్సు లేని డెంటల్ అసిస్టెంట్. పైన రిజిస్టర్డ్ డెంటల్ అసిస్టెంట్, అందరూ ఆర్‌డీఏ అనేది వీళ్ళనే. ఇంకా పైన ఎక్స్‌టెండెడ్ ఫంక్షన్స్ చేసే ఆర్‌డీఏఈఎఫ్.

మొదటి మెట్టుకు కాలేజీయే అక్కర్లేదు. 8 గంటల ఇన్ఫెక్షన్ కంట్రోల్ కోర్సు, 2 గంటల డెంటల్ ప్రాక్టీస్ యాక్ట్ కోర్సు, బీఎల్‌ఎస్ (ప్రాణాపాయంలో చేసే ప్రథమ చికిత్స) కార్డు ఉంటే పనిలో పెట్టుకునే క్లినిక్‌లు ఉంటాయి. ఎక్స్‌రేలు తీయాలంటే విడిగా రేడియేషన్ సేఫ్టీ సర్టిఫికెట్ కావాలి, అది లేకుండా మీటకేసి వేలు చాపకూడదు. ఈ దారిలో వెళ్ళి 15 నెలలకు తగ్గకుండా 1,280 గంటలు పని చేస్తే ఆర్‌డీఏ పరీక్షకు అర్హత వస్తుంది. రెండో దారి, డెంటల్ బోర్డు ఆమోదించిన కోర్సు చదివి నేరుగా పరీక్షకు కూర్చోవడం.

ఈఏడీ చేతిలో ఉండి, ఇల్లు గడవడానికి డబ్బు వెంటనే కావాలంటే మొదటి దారి పట్టండి. ఈఏడీ లేకపోతే, రెండేళ్ళలో వస్తుందన్న ఆశ ఉంటే, కాలేజీ కోర్సే నయం. ఇంకో కారణం కూడా ఉంది. పనిలో నేర్చుకునేవాళ్ళకు ఆ ఒక్క డాక్టరు అలవాట్లే అబ్బుతాయి. ఆయన క్రౌన్లు ఎక్కువ చేస్తే క్రౌన్లే వస్తాయి, పిల్లల పళ్ళు చూడకపోతే ఆ సంగతే తెలియదు. కాలేజీలో అన్నీ తిప్పి చూపిస్తారు.

కోర్సు ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. ఒకటి, డెంటల్ బోర్డ్ ఆఫ్ కాలిఫోర్నియా దీన్ని ఆర్‌డీఏ ప్రోగ్రాంగా ఆమోదించిందా? రెండు, కోడా గుర్తింపు ఉందా? కోడా అంటే దేశం మొత్తం మీద డెంటల్ చదువులకు గుర్తింపు ఇచ్చే కమిషన్. దాని నిబంధన ప్రకారం కోర్సులో కనీసం 900 గంటల బోధన, అందులో 300 గంటలు కుర్చీ పక్కన నిలబడి చేసే పని ఉండాలి. హెచ్1బీ వాళ్ళకు ఊరు మారడం మామూలే. రేపు ఆస్టిన్‌కో షార్లెట్‌కో మారాల్సి వస్తే కాలిఫోర్నియా ఆర్‌డీఏ మీతో రాదు, కోడా కోర్సు చదివిన సర్టిఫికెట్ వస్తుంది. దాంతో డాన్బ్ (డెంటల్ అసిస్టింగ్ జాతీయ బోర్డు) వాళ్ళు పెట్టే సీడీఏ, అంటే సర్టిఫైడ్ డెంటల్ అసిస్టెంట్ పరీక్ష రాయవచ్చు. చాలా రాష్ట్రాలు దానికి విలువ ఇస్తాయి. అందులో మూడు భాగాలు: రేడియేషన్, ఇన్ఫెక్షన్ కంట్రోల్, చెయిర్‌సైడ్. మొదటి రెండిటికీ ఏ ముందస్తు అర్హతా అడగరు, కోర్సులో ఉండగానే రాసేయవచ్చు.

బే ఏరియాలో ఫుట్‌హిల్ కాలేజీ, కాలేజ్ ఆఫ్ శాన్ మతేయో, శాన్ హోజే సిటీ కాలేజీ, డయాబ్లో వ్యాలీ కాలేజీల పేర్లు డెంటల్ అసిస్టింగ్‌కి వినిపిస్తుంటాయి. చేరే ఏడాది ప్రోగ్రాం నడుస్తోందో లేదో, సీట్లెన్నో, దరఖాస్తు ఎప్పుడు తెరుస్తారో ఆ డిపార్ట్‌మెంటుకే మెయిల్ రాసి కనుక్కోండి. కాలేజీలో సీటు అందరికీ దొరుకుతుంది గానీ, ఈ ప్రోగ్రాంలో సీట్లు కొన్నే. విడిగా దరఖాస్తు ఉంటుంది. చాలా చోట్ల ఏడాదికి ఒక్క బ్యాచ్, అది దాటితే మళ్ళీ ఏడాదే.

ప్రైవేటు ట్రైనింగ్ స్కూళ్ళు ‘పది వారాల్లో ఉద్యోగం’ అని బోర్డు పెడతాయి. అన్నీ మోసం అనను. కానీ వాళ్ళు తీసుకునే వేల డాలర్లకు చేతికి వచ్చేది ఏమిటో కాగితం మీద రాసిమ్మనండి. బోర్డు ఆమోదం నంబరు చూపించకుండా ‘మా స్టూడెంట్లందరికీ ఉద్యోగాలొచ్చాయి’ అంటే కుర్చీలోంచి లేచి వచ్చేయండి.

జీతం సంగతి. అమెరికా కార్మిక గణాంక శాఖ లెక్క ప్రకారం 2023 మే నాటికి డెంటల్ అసిస్టెంట్ల మధ్యస్థ వార్షిక జీతం 46,540 డాలర్లు, పళ్ళు శుభ్రం చేసే డెంటల్ హైజీనిస్టులకు 87,530. ఈ తేడా చూసి చాలామంది హైజీన్ వైపు తిరుగుతారు. తిరగండి, కానీ అది వేరే లైసెన్సు, దానికి అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ ముందే పూర్తి చేయాలి, సీటుకు పోటీ ఘోరంగా ఉంటుంది. అసిస్టింగ్ చదివితే అది హైజీన్‌లో సగం అయిపోయినట్టు కాదు. ఈ అపోహ మన వాట్సాప్ గ్రూపుల్లో చాలా గట్టిగా ఉంది.

క్లాసులో అసలు ఏం చేయిస్తారు

పడుకున్న పేషెంటు ముఖాన్ని గడియారం అనుకొమ్మంటారు, తల పన్నెండు దగ్గర. కుడిచేతి వాటం డెంటిస్టు ఏడు నుంచి పన్నెండు మధ్య కూర్చుంటాడు. మీ స్టూలు రెండుకీ నాలుగుకీ మధ్య, ఆయన స్టూలు కంటే నాలుగైదు అంగుళాలు ఎత్తులో. కుడిచేత్తో సక్షన్ గొట్టం, ఎడమచేత్తో నీళ్ళూ గాలీ కొట్టే సిరంజి. పనిముట్లు చేతులు మారేది నాలుగు, ఏడు మధ్యలో, అంటే పేషెంటు గడ్డం కింద ఛాతీ మీద. పేషెంటు కళ్ళ మీదుగా ఏదీ పోకూడదు. డెంటిస్టు నోట్లోంచి చూపు తిప్పకుండా వాడిన పనిముట్టు కాస్త పక్కకు జరుపుతాడు. మీరు చిటికెన వేలితో దాన్ని అందుకుంటూ, అదే చేతి బొటనవేలు, చూపుడువేళ్ళ మధ్య ఉన్న తరవాతిది ఆయన వేళ్ళల్లో పెట్టాలి. మాట ఉండదు. మొదట్లో చేతులు తగులుతాయి, పనిముట్లు కింద పడతాయి. పడినవన్నీ మళ్ళీ కడిగి, కవర్లో పెట్టి, ఆటోక్లేవ్‌లో వేయాల్సింది మీరే కాబట్టి త్వరగానే అలవాటవుతుంది.

ఎక్స్‌రే ల్యాబు ఇంకో పరీక్ష. బొమ్మ తలకాయ నోట్లో సెన్సర్ పెట్టి కోణం సరిచేయడం నేర్పుతారు. కోణం తప్పితే పక్కపక్క పళ్ళు ఒకదాని మీద ఒకటి పడి, మధ్యలో పిప్పి ఉందో లేదో కనపడదు. బొమ్మకు వాంతి రాదు, మనిషికి వస్తుంది. సెన్సర్ నాలిక వెనక్కి పోయేసరికి ఓక్‌మనే పేషెంటును మాటల్లో పెట్టి, ముక్కుతో ఊపిరి తీసుకోమని, మూడు సెకన్లలో ఫొటో తీసి బయటికి లాగడం పుస్తకంలో దొరకదు.

ఖర్చులో కలుపుకోవాల్సినవి: హెపటైటిస్ బీ టీకా రుజువు, టీబీ పరీక్ష, ఎమ్‌ఎమ్‌ఆర్, టీడ్యాప్ టీకాలు, స్క్రబ్స్, రక్షణ కళ్ళద్దాలు, బీఎల్‌ఎస్ కార్డు, కొన్ని చోట్ల బ్యాక్‌గ్రౌండ్ చెక్. చిన్నప్పుడు మన దగ్గర వేసిన టీకాల కార్డు దొరక్కపోతే కంగారు పడకండి, రక్తపరీక్షతో రోగనిరోధకత చూపించవచ్చు. బీసీజీ వేయించుకున్నవాళ్ళు టీబీకి చర్మపరీక్ష కాకుండా రక్తపరీక్ష అడగండి. చర్మం మీద పొంగు వచ్చి, అనవసరంగా ఛాతీ ఎక్స్‌రే దాకా పోతుంది.

బీడీఎస్ చేసినవాళ్ళకు విడిగా

మీకు ఏడాది కోర్సు అవసరమా అంటే, చాలామందికి అక్కర్లేదు. విదేశీ డెంటల్ డిగ్రీ ఉన్నవాళ్ళు సీడీఏ పరీక్షకు వెళ్ళడానికి డాన్బ్‌లో విడిగా దారి ఉంది. కాలిఫోర్నియాలో పని మొదలుపెట్టడానికి ఇంతకుముందు చెప్పిన చిన్న కోర్సులు, రేడియేషన్ సర్టిఫికెట్ చాలు. మీరు కమ్యూనిటీ కాలేజీకి వెళ్తే ఆ రేడియేషన్ కోర్సు ఒక్కదానికో, ఇంగ్లీషు మాట్లాడటం మెరుగుపరుచుకోవడానికో వెళ్ళండి. మీ అసలు గమ్యం అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ (విదేశీ డెంటిస్టులు ఇక్కడి డెంటల్ డిగ్రీ తెచ్చుకునే కోర్సు) అయితే, డబ్బూ సమయమూ ఐఎన్‌బీడీఈ పరీక్ష మీద పెట్టండి. పాత రెండు భాగాల బోర్డు పరీక్షల స్థానంలో 2020 ఆగస్టు నుంచి వచ్చిన పరీక్ష ఇది. రెండు రోజుల్లో 500 ప్రశ్నలు. తర్వాత కేపిడ్ అనే ఉమ్మడి దరఖాస్తు ద్వారా యూసీఎస్‌ఎఫ్, యూఎస్‌సీ, యూనివర్సిటీ ఆఫ్ ద పసిఫిక్ లాంటి చోట్లకు దరఖాస్తు. ఆ దరఖాస్తులో అమెరికా క్లినిక్‌లో చేసిన అనుభవం, ఇక్కడి డెంటిస్టు రాసిచ్చే సిఫారసు ఉత్తరం బరువు తూగుతాయి. అసిస్టెంటు ఉద్యోగం మీకు నిజంగా పనికొచ్చేది అక్కడ.

హైదరాబాద్ గవర్నమెంట్ డెంటల్ కాలేజీ నుంచో విజయవాడ నుంచో వచ్చి సక్షన్ పట్టుకోవడం కొందరికి చిన్నతనంగా ఉంటుంది. ఆ బాధ నిజమైనదే, తీసిపారేయను. అయితే ఒక జాగ్రత్త. డయాగ్నోసిస్ మీ నోటి నుంచి రాకూడదు. పేషెంటు ‘ఇది రూట్ కెనాలా?’ అని అడిగితే మీకు తెలిసినా ‘డాక్టరు గారు చెప్తారు’ అనాలి. లైసెన్సు లేకుండా డెంటిస్ట్రీ చేసినట్టు రాయడానికి ఒక్క ఫిర్యాదు చాలు.

పళ్ళ నంబర్లు మాత్రం మొదటి వారంలోనే మార్చుకోండి. మనం చదివింది ఎఫ్‌డీఐ పద్ధతి: నోటిని నాలుగు భాగాలు చేసి, భాగం అంకె ముందు, పన్ను అంకె తర్వాత. ఇక్కడ కుడి పై జ్ఞానదంతం 1, అక్కడి నుంచి పైవరస మొత్తం తిరిగి ఎడమ చివర 16, కింద ఎడమ చివర 17, మళ్ళీ తిరిగి కింద కుడి చివర 32. మన 36 ఇక్కడ 19. మన 46 ఇక్కడ 30. ఇంతవరకూ ఇబ్బంది లేదు, ఎందుకంటే 36, 46 అనే అంకెలు ఇక్కడ లేవు కాబట్టి వెంటనే తప్పు పట్టుకుంటారు. ప్రమాదం రెండు చోట్లా ఉన్న అంకెలతోనే. డాక్టరు ‘ట్వెంటీ వన్’ అంటే బీడీఎస్ బుర్రలో పై ఎడమ ముందుపన్ను మెదులుతుంది. ఆయన చెప్పింది కింది దవడ ఎడమవైపు మొదటి ప్రీమోలార్, మన లెక్కలో 34. ‘ఎలెవన్’ అంటే పై కుడి ముందుపన్ను కాదు, పై ఎడమ కోరపన్ను. చార్టులో తప్పు పన్ను మీద గుర్తు పడితే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. పాలపళ్ళకు అంకెలు కాదు, ఏ నుంచి టీ వరకు అక్షరాలు.

ఇంకో దారి తెలిసి ఉంటే మంచిది. ఫ్లోరిడాలో విదేశీ డెంటల్ గ్రాడ్యుయేట్లు హైజీన్ లైసెన్సుకు వెళ్ళే వీలుంది. ఊరు మారడానికి ఇబ్బంది లేని కుటుంబాలు కొన్ని అటు చూస్తున్నాయి.

క్రిమినల్ జస్టిస్: పోలీసు ఒక్కటే కాదు, కానీ పోలీసు గురించీ తెలియాలి

కాలిఫోర్నియా కాలేజీల్లో ఈ డిపార్ట్‌మెంటు పేరు ‘అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ జస్టిస్’. కేటలాగ్‌లో క్రిమినల్ జస్టిస్ అని వెతికి, లేదనుకుని మూసేయకండి. కూపర్టీనో డి ఆంజా లాంటి చోట్ల ఈ పేరుతోనే ఉంటుంది.

పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: మామూలు ఏఎస్ (రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ) కాదు, ఏఎస్-టీ తీసుకోండి. చివర ఆ ‘టీ’ ట్రాన్స్‌ఫర్‌కి. 2010లో వచ్చిన ఎస్‌బీ 1440 చట్టం వల్ల, 60 యూనిట్ల ఈ డిగ్రీ పూర్తిచేసిన వాళ్ళకు కాల్ స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో సీటుకు ప్రాధాన్యం ఉంది. ఫలానా క్యాంపస్‌లోనే అని కాదు, వ్యవస్థలో ఎక్కడో ఒక చోట. శాన్ హోజే స్టేట్‌లో జస్టిస్ స్టడీస్, శాక్రమెంటో స్టేట్‌లో క్రిమినల్ జస్టిస్ ఉన్నాయి. ఏ క్లాసు ఎక్కడ చెల్లుతుందో అసిస్ట్ డాట్ ఆర్గ్‌లో కాలేజీ పేరు, యూనివర్సిటీ పేరు కొడితే వస్తుంది. కౌన్సిలర్ చెప్పినా సరే, అది ఒకసారి మీరే చూడండి.

మొదటి సెమిస్టర్‌లో ఇంట్రడక్షన్ టు క్రిమినల్ జస్టిస్, కాన్సెప్ట్స్ ఆఫ్ క్రిమినల్ లా ఉంటాయి. తర్వాత సాక్ష్యం, దర్యాప్తు, కోర్టు ప్రక్రియ, జువెనైల్, కరెక్షన్స్. సినిమాల పుణ్యమా అని మనవాళ్ళకు 302 నోటికొచ్చు. మన దగ్గర అది 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 103 అయింది, ఇక్కడి పీనల్ కోడ్‌లో హత్య 187. బట్టీ పడితే మాత్రం లాభం లేదు. పరీక్షలో ఒక సంఘటన ఇచ్చి ఏ నేరమో చెప్పమంటారు. తలుపు తెరిచి ఉన్న దుకాణంలోకి దొంగతనం చేద్దామని అడుగుపెట్టి, ఏమీ ముట్టుకోకుండా వెళ్ళిపోయినవాడి మీద ఏం కేసు? 459, బర్గ్లరీ. తాళం పగలగొట్టక్కర్లేదు, వస్తువు పోనక్కర్లేదు, ఆ ఉద్దేశంతో లోపలికి వెళ్ళాడని రుజువైతే చాలు. (పనివేళల్లో దుకాణంలో 950 డాలర్లలోపు సరుకైతే 2014లో ఓటర్లు ఆమోదించిన ప్రాప్ 47 చట్టం తర్వాత షాప్‌లిఫ్టింగ్ కింద చూస్తారు. మంచి మార్కులన్నీ ఈ మెలికల్లోనే ఉంటాయి.) ఎదురుగా నిలబడి బెదిరించి పర్సు లాక్కుంటే 211, రాబరీ. మనం ఊరెళ్ళినప్పుడు ఇంట్లో నగలు పోతే ‘రాబరీ జరిగింది’ అంటాం, ఈ క్లాసులో అలా రాస్తే మార్కు పోతుంది.

తీర్పులు చదివించి, ఒక పేజీలో సారం రాయమంటారు. 1966 మిరాండా, 1968 టెర్రీ, 1963 గిడియన్ అనే సుప్రీంకోర్టు తీర్పులు లేకుండా ఏ సిలబసూ ఉండదు. రాసే పద్ధతి ఇది: ఏం జరిగింది, కోర్టు ముందున్న ప్రశ్న ఏది, ఏం తేల్చారు, ఎందుకు. మొదటి భాగానికి మూడు వాక్యాలు మించనీయకండి, ‘ఎందుకు’కి సగం పేజీ ఇవ్వండి. కొత్తవాళ్ళు దీన్ని తలకిందులు చేస్తారు, కథంతా రాసి కారణం దగ్గర అలసిపోతారు.

రిపోర్టు రాసే క్లాసు నాకు అన్నిటికంటే విలువైనదనిపిస్తుంది, పోలీసు అవని వాళ్ళకు కూడా. ‘అతను భయంగా కనిపించాడు’ అని రాస్తే ప్రొఫెసర్ ఎర్ర గీత కొడతాడు. భయం మీరు చూడలేదు. చేతులు వణకడం చూశారు, అడిగిన ప్రశ్నకు జవాబు ఇవ్వకుండా రెండుసార్లు తలుపు వైపు చూడటం చూశారు. అది రాయాలి. నేను, చూశాను, విన్నాను. జరిగిన వరసలో, జరిగిపోయిన కాలంలో.

ఇప్పుడు నాన్న ప్రశ్న. కాలిఫోర్నియాలో పోలీసు కావడానికి కనీస వయసు 21, 2021లో వచ్చిన ఏబీ 89 చట్టంతో 18 నుంచి పెంచారు. అకాడమీ విడిగా ఉంటుంది, పోస్ట్ అనే రాష్ట్ర కమిషన్ లెక్కలో కనీసం 664 గంటలు. కాలేజీ డిగ్రీ దానికి బదులు కాదు. అమెరికా పౌరసత్వం ఉండాలన్న నిబంధన ఎస్‌బీ 960తో 2023 నుంచి పోయింది, పని చేయడానికి చట్టబద్ధ అనుమతి ఉంటే చాలు. ఇది విని హెచ్4 ఈఏడీ వాళ్ళు ఉత్సాహపడవద్దు. తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోకుండా ఫెడరల్ చట్టం అడ్డుపడుతుంది, మినహాయింపులు చాలా తక్కువ. ఎఫ్‌బీఐ ఏజెంటు కావాలంటే పౌరసత్వం, నాలుగేళ్ళ డిగ్రీ తప్పనిసరి. గ్రీన్‌కార్డు వరసలో ఉన్న ఇళ్ళలో పిల్లలు ఈ మేజర్ అడిగితే, ఈ లెక్క కాలేజీలో చేరకముందే కూర్చోబెట్టి చెప్పాలి.

తుపాకీ లేని పనులు చాలా ఉన్నాయి. 911 డిస్పాచర్లకు పోస్ట్ శిక్షణ 120 గంటలు. ప్రొబేషన్, క్రైమ్ ఎనాలిసిస్, పారాలీగల్, లా స్కూలు. పెద్దవాళ్ళకు ఇంకోటి చెప్తాను. కోర్టుల్లో తెలుగు దుబాసీల అవసరం ఉంది. కాలిఫోర్నియాలో స్పానిష్, పంజాబీ లాంటి కొన్ని భాషలకే సర్టిఫైడ్ పరీక్ష ఉంది. తెలుగు రిజిస్టర్డ్ తరగతిలోకి వస్తుంది, రాత పరీక్ష, ఇంగ్లీషు మౌఖిక పరీక్ష వగైరా పాసవ్వాలి. కోర్టు ప్రక్రియ, క్రిమినల్ లా అనే రెండు క్లాసులు చాలు ఆ పదజాలం చెవిన పడటానికి, డిగ్రీ మొత్తం చేయక్కర్లేదు.

ఫీజు, దరఖాస్తు

కాలిఫోర్నియా వాసులకు యూనిట్‌కు 46 డాలర్లు. 60 యూనిట్ల డిగ్రీ మొత్తానికి 2,760. వాసులు కానివాళ్ళకు దీని మీద యూనిట్‌కు కొన్ని వందలు అదనం. సెమిస్టర్ మొదలయ్యే ముందు రోజుకు రాష్ట్రంలో ఏడాదీ ఒక రోజూ ఉండి, ఇక్కడే ఉండే ఉద్దేశం ఉందని చూపించాలి: డ్రైవింగ్ లైసెన్సు, రాష్ట్ర టాక్స్ రిటర్ను, ఇంటి అద్దె ఒప్పందం. హెచ్4 వాళ్ళు ఇలా వాసులుగా నిరూపించుకోవచ్చు. ఎఫ్1 వాళ్ళకు కుదరదు. దరఖాస్తులో వీసా వివరం చూసి కంప్యూటర్ మిమ్మల్ని బయటివాళ్ళ కింద వేసేస్తే, డబ్బు కట్టేయకుండా అడ్మిషన్స్ ఆఫీసుకు కాగితాలు పట్టుకెళ్ళి మార్పించుకోండి. ఏబీ 540 (ఇక్కడి స్కూళ్ళలో చదివినవాళ్ళకు ఆ అదనపు ఫీజు తీసేసే చట్టం) మినహాయింపు గురించి ఎవరైనా చెప్తే, అది హెచ్4కి వర్తించదు. ఫాఫ్సా, అంటే ఫెడరల్ ఆర్థిక సాయం దరఖాస్తు, పౌరులకు, గ్రీన్‌కార్డు వాళ్ళకు.

దరఖాస్తు సీసీసీ అప్లై వెబ్‌సైట్లో, ఉచితం. మొత్తం 116 కాలేజీలకూ అదే ఫారం. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ ఎఫ్1 వాళ్ళను అడుగుతారు గానీ స్థానికులను అడగరు. ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ ఉంచుకోండి. మన బీటెక్, బీఎస్సీ మార్కులను డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థతో మదింపు చేయిస్తే జనరల్ ఎడ్యుకేషన్ క్లాసులు కొన్ని తప్పవచ్చు, కాలేజీ ఏ సంస్థది ఒప్పుకుంటుందో అడిగాకే డబ్బు కట్టండి. హైస్కూలు పిల్లలు డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌లో (స్కూల్లో ఉండగానే కాలేజీ క్లాసు తీసుకోవడం) ఆ ఇంట్రడక్షన్ క్లాసు ఒక్కటి తీసుకుని చూస్తే ఇష్టమో కాదో తేలిపోతుంది. అక్కడ వచ్చిన గ్రేడు కాలేజీ రికార్డులో శాశ్వతంగా ఉంటుందని మాత్రం పిల్లలకు ముందే చెప్పండి.

చివరి మెట్టు: లైసెన్సు, మొదటి ఉద్యోగం

ఆర్‌డీఏ దరఖాస్తుకు లైవ్ స్కాన్‌లో వేలిముద్రలు ఇవ్వాలి, చట్టం మీద ప్రశ్నలున్న రాత పరీక్ష పాసవ్వాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా ఐటిన్ (టాక్స్ కోసం ఇచ్చే నంబరు) తీసుకుంటారు, అంటే ఈఏడీ రాకముందే లైసెన్సు తెచ్చి ఉంచుకోవచ్చు. పని మాత్రం ఈఏడీ వచ్చాకే. రెండేళ్ళకోసారి రెన్యూవల్, ఆలోగా 25 గంటల కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్.

క్లినిక్‌లు ఇంటర్వ్యూ అయ్యాక ‘వర్కింగ్ ఇంటర్వ్యూ’కి రమ్మంటాయి, ఒక పూట వాళ్ళ పేషెంట్లతో పని చేయించి చూస్తాయి. ఆ పూటకు జీతం ఇవ్వాలి, అది ఉద్యోగమే. ఈఏడీ లేకుండా వెళ్ళకండి, ఉంటే గంటకు ఎంతో ముందే అడగండి. డెంట్రిక్స్, ఈగల్‌సాఫ్ట్, ఓపెన్ డెంటల్‌లో వాళ్ళు ఏది వాడతారో ఫోన్లోనే కనుక్కుని, ముందురోజు రాత్రి దాని వీడియో ఒకటి చూసి వెళ్ళండి. మీ సైజు గ్లవ్స్ వాళ్ళ దగ్గర లేకపోవచ్చు, ఒక పెట్టె వెంట తీసుకెళ్ళండి.